కిటికీ వరస

టోపీ తీసేసరికి సువార్త నోట్లో సుద్ద రుచి. సుద్దముక్క ఆమె ఏనాడూ నోట్లో పెట్టుకున్నది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పిన ఇంకో మనిషి గొంతులోకి పోయిన సుద్ద అది. ఇరవై నిమిషాల్లో ఆమె గొంతులోకి దిగింది.

జిల్లా కేంద్రంలోని శిక్షణ హాల్లో ఆ రోజు అరవై మంది కొత్త టీచర్లు వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. అందరి తలల మీదా అవే టోపీలు, అవే తీగలు. ఆ పద్ధతి పేరు ఒరవడి. యంత్రం దగ్గరున్న కుర్రాడు రెండు ముక్కల్లో తేల్చేశాడు. జ్ఞాపకాలు రావు, అలవాట్లే వస్తాయి. కళ్ళు ఎటు తిరగాలో, గొంతు ఎక్కడ దించాలో, చెయ్యి ఎప్పుడు లేపాలో మీ ఒంటికే తెలిసిపోతుంది. ఆ అలవాట్లు ఇచ్చిన మనిషి గణితం టీచర్లందరిలోకీ మేటి, ఇరవై రెండేళ్ళు వరసగా నూటికి నూరు శాతం తెచ్చిన రామకోటయ్య మాస్టారు.

ఆ పేరు వినగానే సువార్త లేవబోయింది. పదో తరగతిలో ఆమెకి లెక్కలు చెప్పింది ఆయనే. కానీ టోపీ అప్పటికే తల మీదకి దిగింది.

ఒరవడి ఊరికే రాలేదు. అంతకు ముందు కొత్త టీచరంటే చేతికి హాజరు పట్టీ, సుద్దపెట్టె ఇచ్చి తరగతిలోకి తోసేవాళ్ళు. బతికారా చచ్చారా అని అడిగిన నాథుడు లేడు. మొదటి ఏడు స్టాఫ్ రూంలో ఏడవని టీచరు లేదు. ఏడ్చి ఏడ్చి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పక్కన నిలబడడానికి ఒక మనిషిని పెట్టండని సంఘాలు ఏళ్ళ తరబడి అరిచాయి. పైవాళ్ళు విన్నారు. విని, మనిషి బదులు టోపీ పెట్టారు.

సువార్తకి పోస్టింగు ఇచ్చిన నల్లబండపాలెం మార్కాపురం దాటి పోతే పలకల గనుల మధ్య ఉంటుంది. నల్లరాయి తవ్వుతారు, పొరలుగా చీలుస్తారు, కోసి పలకలు చేస్తారు. ఊరి హైస్కూలుకి ఒక పక్క గోడ అవతలే కోత షెడ్లు. ఆ పక్క కిటికీలోంచి రోజంతా బూడిదరంగు దుమ్ము వచ్చి పడుతుంది. సువార్త పుట్టింది పక్క ఊళ్ళోనే. తండ్రి దావీదు నలభై ఏళ్ళు రాయి చీల్చాడు. ఇప్పుడు ఊపిరి చీల్చుకుంటున్నాడు.

మొదటి రోజు పదో తరగతిలో అడుగు పెట్టగానే నలభై ఒక్కమంది గప్‌చుప్. ఆమె గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, పట్టీ మూసి, గొంతు తగ్గించి మాట్లాడింది. సుద్ద కీచుమనలేదు. బోర్డు మీద గీసిన వృత్తం పళ్ళెం బోర్లించినట్టు వచ్చింది. ఏ పిల్లాడు అల్లరి చెయ్యబోతున్నాడో వాడికే తెలియకముందు ఆమెకి తెలిసిపోయింది. ఒంట్లో ఒక పెద్దమనిషి నిలబడి నడిపిస్తున్నట్టుంది. ఒక్కటే తేడా. ఎడమ చేత్తో డస్టరు పట్టుకుంటే అది జారి కింద పడింది. రామకోటయ్య మాస్టారు కుడిచేతి మనిషి. ఎడమ చెయ్యి ఇంకా సువార్తదే.

ఆ పీరియడ్‌లో వెనక బెంచీ మీద ఖాసింబీ టీచరు కూర్చుని ఉంది. సోషల్ చెబుతుంది, ఏడాదిన్నరలో రిటైరవుతుంది. ఈ స్కూల్లో కొత్తగా ఎవరు వచ్చినా మొదటి మూడు నెలలూ పాతవాళ్ళొకరు వెనక బెంచీలో కూర్చోవడం ఎప్పటి నుంచో ఉన్న వాడుక. మాట్లాడరు. ఒడిలో ఒక పలక. దాని మీద బెంచీలు గళ్ళుగా గీసి ఉంటాయి. టీచరు ఏ పిల్లని చూసి మాట్లాడితే ఆ గడిలో ఒక చుక్క పెడతారు. అంతే. గంట కొట్టాక పలక చేతికిస్తారు.

ఒరవడి వచ్చాక ఇది వద్దని ఆర్డరు. రెండు చేతులు పెడితే కొత్తవాళ్ళు తికమక పడతారట. హెడ్‌మాస్టరు చలమయ్య ఆ కాగితం చూపిస్తే ఖాసింబీ, ఆ పీరియడ్ నాకు ఖాళీ, నా ఖాళీలో నేను యాడ కూచుంటే మీకేంది సార్, అని వెళ్ళి కూర్చుంది.

గంట కొట్టాక పలక సువార్త చేతిలో పెట్టింది. ముందు బెంచీల్లో చుక్కలు చీమల్లా ఉన్నాయి. నడుమ బెంచీల్లో నాలుగేసి, ఐదేసి. కిటికీ పక్క వరసలో ఏడు గళ్ళు. ఏడింట్లోనూ ఒక్క చుక్క లేదు.

సువార్త నమ్మలేదు. అందరినీ చూశానంది. మొదటి రోజు కదా అంది.

"సరేలేమ్మా. రేపు జూద్దాం," అంది ఖాసింబీ.

మరుసటి రోజూ అంతే. నాలుగో రోజు సువార్త పట్టుదలగా ఆ వైపు చూడాలనుకునే తరగతిలోకి వెళ్ళింది. చూశాననే అనుకుంది. పలక మీద ఏడు గళ్ళూ నున్నగా ఉన్నాయి. ఆ వరసలో ఎవరెవరున్నారని ఖాసింబీ అడిగితే ఒక్క పేరు చెప్పలేకపోయింది. హాజరు రోజూ తనే పిలుస్తోంది. పేర్లు నోట్లోంచి పోతున్నాయి, మొహాలు కంట్లోకి రావడం లేదు.

ఆ వరస పిల్లలకి ఇది ముందే తెలుసు. కొత్త టీచరమ్మకి మెడ పట్టేసింది, ఇటు తిరగదు అని వాళ్ళలో వాళ్ళు నవ్వుకుంటున్నారు. ఆ మాట పుట్టించింది పోలేరి. పొద్దున కోత షెడ్డులో పలకలు పేర్చి, రెండో గంటకి తలనిండా దుమ్ముతో వస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి మిగిలేది కిటికీ పక్కే. ఎలాగూ దుమ్ములోనే ఉన్నారు, ఇంకాస్త పడితే ఏం పోయిందని.

ఇంట్లో జరిగింది ఇంకా అన్యాయం.

ఆదివారం మధ్యాహ్నం సువార్త అన్నం తింటోంది. దావీదు ఎదురుగా కూర్చుని మంచినీళ్ళడిగాడు. ఆమె పప్పు కలుపుకుంటోంది. మళ్ళీ అడిగాడు. మూడోసారి దగ్గు తెర అడ్డం వచ్చింది. ఆ తెర ఆగేసరికి ఆమె లేచి చెయ్యి కడుక్కుని ఆయన పక్కనించే గదిలోకి వెళ్ళబోయింది. ఆయన కొంగు పట్టుకున్నాడు.

"ఏందమ్మా, నీ కళ్ళకి నేను ఆనటంలా?"

అప్పుడు చూసింది. పగిలిన పెదాలు, కనురెప్పల వెంట్రుకల్లో ఇంకా పోని దుమ్ము, చిరుగు బనీను. పది రోజుల్నుంచి ఒకే ఇంట్లో ఉంటూ తండ్రి మొహం చూడలేదని అర్థమైంది. ఎందుకు చూడలేదో కూడా అర్థమైంది. ఎండిన జుట్టు, పగిలిన పెదవి, దుమ్ము, దగ్గు. ఎవరి కంటికో ఇవి గుర్తులు. ఇక్కడ ఆగొద్దు, పక్కకి పో అని చెప్పే గుర్తులు. ఆ కళ్ళు ఇప్పుడు ఆమె మొహంలో ఉన్నాయి.

నీళ్ళ చెంబు ఎడమ చేత్తో అందించింది. ఎందుకలా ఇచ్చిందో ఆయన అడగలేదు.

తర్వాతి వారం హెడ్‌మాస్టరు ఒక కాగితం పంపాడు. పరీక్షకి స్కూలు తరఫున కట్టేవాళ్ళ పేర్లు నవంబరులో పంపాలి, ఇప్పుడే ఒక అంచనా రాసివ్వమన్నాడు. సువార్త కుడిచెయ్యి కాగితం మీద గీత గీసింది. ఎడమ పక్క ముప్పై నాలుగు పేర్లు. కుడి పక్క ఏడు పేర్లు, పైన ఒక్క మాట: 'ప్రైవేటు.' రాయడం అయ్యాకే ఆమె చదువుకుంది. పోలేరి పేరు అందరికన్నా పైన ఉంది.

ప్రైవేటంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. తప్పేలా ఉన్న పిల్లల్ని నవంబరు లోపు స్కూలు నుంచి తప్పించి, బయటి నుంచి పరీక్ష కట్టిస్తారు. తప్పితే అది స్కూలు లెక్కలోకి రాదు. మిగిలినవాళ్ళు నూటికి నూరు. తన పదో తరగతిలో ఒక సాయంత్రం స్కూలువాళ్ళు తండ్రిని పిలిపించి, మీ పిల్ల ఇంటి దగ్గరే చదువుకుంటే మేలని చెప్పారు. దావీదు వేలిముద్ర వేశాడు. ఆ ఏడు ఆమె రాయి మోస్తూ ఒంటరిగా చదివి, రెండోసారికి గట్టెక్కింది. ఆ ఏడు కూడా ఆ స్కూలు గేటుకి నూరు శాతం బ్యానరు కట్టారు. ఆమెని తీసేస్తే వచ్చిన నూరు అది.

ఆ నూరు చూసే ఒరవడివాళ్ళు మేటి టీచర్ని ఎంచుకున్నారు.

సువార్త కాగితం చింపి జాకెట్లో దోపుకుని మాస్టారి ఇంటికి బస్సెక్కింది.

రామకోటయ్య వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఎవరమ్మా అన్నాడు. మీ దగ్గర చదివానంది. పేరు చెప్పింది. ఆయనకి గుర్తు రాలేదు. గుర్తు రాదని ఆమెకి తెలుసు. కిటికీ పక్క కూర్చునేదాన్నంది. ఆయన చూపు వాకిట్లోకి తిప్పుకున్నాడు.

"చూస్తే ఆగాలి గదమ్మా," అన్నాడు. "ఆగితే సిలబస్ ఆగుద్ది. అరవై మంది. నేనొక్కణ్ణి. ఆగకుండా పోవటం నేర్చుకున్నా. మొదట్లో బాధగా ఉండేది. తర్వాత చూట్టమే మానేశా."

ఆమె అరవడానికి వచ్చింది. మాటలు కూడగట్టుకుని వచ్చింది. ఆయన ఇంకో మాట అన్నాడు.

"నాలో ఏది మంచి, ఏది చెడ్డ అని వాళ్ళు నన్ను అడగలా. టోపీ పెట్టారు, తరగతిలో తిప్పారు, దండేసి పంపారు. ముప్పై ఒక్క ఏళ్ళల్లో నా వెనకాల ఒక్కడు కూచోలా తల్లీ. ఇట్టా జేస్తన్నావు అని చెప్పినోడు లేడు."

ఆయన మీద కోపం పోలేదు. కానీ ఆ కోపం పెద్దదై ఆయన్ని దాటిపోయింది. బస్సులో తిరిగొస్తూ రాష్ట్రంలో ఇదే టోపీ పెట్టుకున్న వేల మందిని తలుచుకుంది. వేల తరగతుల్లో ఇప్పుడు వేల కిటికీ వరసలు. వాళ్ళలో ఎందరికి ఒక ఖాసింబీ ఉంది?

ఒరవడి కడిగించుకోవచ్చు. కడిగించుకుంటే ఉద్యోగం ఉండదు. రెండేళ్ళ ప్రొబేషన్లో అది ఒంట్లో ఉండాల్సిందే. భుజానికి తగిలించిన బొత్తాం రోజూ లెక్కేస్తుంది, టీచరు ఒరవడికి ఎంత దగ్గరగా నడుస్తున్నదని. దాన్ని పోలిక అంటారు. రెండు నెలలు అరవై కిందికి దిగితే ఇంటికే. ఇల్లు ఆమె జీతం మీద నడుస్తోంది, దావీదు మందులు కూడా.

ఉంచుకునే ఎదురు తిరగాలనుకుంది.

ఖాసింబీ వెనక నుంచి గోటితో పలక మీద టక్కుమని కొట్టేది. కిటికీ వరసని చూడక పావుగంటైందని అర్థం. సువార్త అటు తిరగబోయేది, కళ్ళు సబ్బు ముక్కలా జారిపోయేవి. మెడ నరాలు లాగేవి. మొదటి వారం రోజుకి ఒక్క చుక్క పడటమే గగనమైంది. రెండో వారం బల్ల లాక్కెళ్ళి కిటికీ దగ్గర వేసింది. బోర్డు వదిలేసి అక్కడ నిలబడి పాఠం చెప్పింది. ఆ ఏడుగురినీ దాటకుండా చూపు ఇంకెక్కడికీ పోలేదు. మాస్టారి అలవాట్లన్నీ బోర్డు దగ్గరివే. కిటికీ దగ్గర ఎలా నిలబడాలో వాటికి తెలియదు. అక్కడ ఆమె మళ్ళీ కొత్త టీచరే. గొంతు వణికేది, వృత్తం వంకర పోయేది, వెనక పిల్లలు గోల చేసేవాళ్ళు. స్టాఫ్ రూంలో ఒకరోజు ఏడ్చింది. ఖాసింబీ టీ గ్లాసు ముందుకు తోసి, నేను రెండేళ్ళు ఏడ్చా, నువ్వింకా ఎక్కువ ఏడవాలి అంది.

ఒకరోజు దీర్ఘచతురస్రం గీసి, నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నాయని ఎట్లా తెలుస్తుందని అడిగింది. ముందు బెంచీ పిల్లలు కోణమానిని అన్నారు. ఆమె కిటికీ వైపు తిరిగి ఆగింది. లోపల మాస్టారు పోదాం పద, పోదాం పద అంటున్నాడు. ఆమె పోలేదు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు. పోలేరి దిక్కులు చూసింది, తననే అడుగుతున్నారని నమ్మకం కుదరక.

"మా షెడ్డులో ఐతే పుల్ల బెడతాం టీచర్," అంది మెల్లగా. "ఈ మూల నుంచి ఆ మూలకి. మళ్ళా అటు మూల నుంచి ఇటు మూలకి. రెండూ ఒకే పొడుగుంటే పలక మంచిది. లేకపోతే గుడ్డిపలక, పక్కన పారేస్తాం."

కర్ణాలు సమానమనే సిద్ధాంతం అది. పుస్తకంలో ఇంకా రెండు పేజీల అవతల ఉంది. సువార్త దాన్ని పోలేరి మాటల్లోనే బోర్డు మీద రాసింది. ఆ రోజు పలక మీద కిటికీ వరసలో పదకొండు చుక్కలు పడ్డాయి. బొత్తాం పోలిక నలభై రెండు చూపించింది.

మా వరసకి దుమ్ము తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు గాదు టీచర్, అని పోలేరి వెళ్తూ వెళ్తూ అనేసి పోయింది.

నవంబరులో పేర్లు పంపే ఆఖరి రోజున ఒరవడి కేంద్రం నుంచి శశిధర్ అనే అతను వచ్చాడు. చిన్నవాడే, మర్యాదస్తుడే. హెడ్‌మాస్టరు గదిలో కూర్చుని సువార్త పోలిక ముప్పై ఎనిమిదికి దిగిందని, రాష్ట్రంలో ఇంత తక్కువ ఇంకెవరికీ లేదని చెప్పాడు. టోపీ మళ్ళీ పెట్టుకుని గట్టి చేసుకుంటే ఉద్యోగం ఉంటుందట. సువార్త పెట్టుకోనంది. చలమయ్య మధ్యలో పడి, ముందు ఈ పేర్ల సంగతి తేలిస్తే తర్వాత అది చూడొచ్చని కాగితం ముందుకు జరిపాడు.

ముప్పై నాలుగు పేర్లు చలమయ్యే టైపు చేయించాడు. కింద ఏడు ఖాళీ గీతలు.

సువార్త కలం తీసుకుంది. కుడిచెయ్యి ఆ గీతల మీద అడ్డంగా కొట్టివేత గీయడానికి పోయింది. ఆమె ఆపబోయింది. చెయ్యి ఆగలేదు. మొదటి గీత సగం దాకా కొట్టేసింది. అప్పుడు కలాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుంది. కుడిచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది.

ఎడమ చేతికి రాయడం రాదు. ఒకటో తరగతి పిల్లలా కలం పిడికిట్లో పట్టుకుంది. ప ఒక చోట, ఓత్వం ఒక చోట. ఖాసింబీ వచ్చి కాగితం కదలకుండా రెండు వేళ్ళతో పట్టుకుంది. ఏడు పేర్లకి పావుగంట పట్టింది. చెమటకి చెయ్యి కాగితానికి అంటుకుంది. ఏడో పేరు గీత దాటి అంచు దాకా పోయింది.

"మన శాతం పడిపోద్దమ్మా," అన్నాడు చలమయ్య. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"పడనీయండి సార్. పడితే పడిందని తెలుస్తది. తప్పినోళ్ళని మళ్ళీ కూచోబెట్టి చెప్పుకుంటాం. లేనోళ్ళకి ఎట్లా చెప్తాం?"

చలమయ్య ఆ వంకర అక్షరాల కేసి చూశాడు. తర్వాత కింద సంతకం పెట్టాడు. తపాలా వాడు బయటే ఉన్నాడని తనే లేచి తీసుకెళ్ళాడు.

శశిధర్ అప్పటిదాకా ఏదో రాసుకోవడం మానేసి చూస్తూ ఉన్నాడు. ఒరవడిని ఉంచుకుని దాన్ని ఎదిరించినవాళ్ళని ఇంతవరకూ చూడలేదన్నాడు. పొరపాటు జరిగిందని అతనికి అర్థమైంది, దాన్ని దాచలేదు. అయితే పొరపాటుకి అతను కనుక్కున్న మందు కూడా టోపీయే. రామకోటయ్య గారిని తీసేసి మీ అలవాట్లు ఎక్కిస్తే సరిపోతుంది కదా, వచ్చే జూన్ నుంచి వేల మంది మీలా కిటికీ వరసని చూస్తారు కదా అన్నాడు. మీ ఉద్యోగానికీ ఢోకా ఉండదన్నాడు.

సువార్తకి ఒక్క క్షణం ఆశ పుట్టింది. దావీదు మందులు కళ్ళ ముందు మెదిలాయి. తర్వాత పడక్కుర్చీలో వణుకుతున్న రెండు చేతులు మెదిలాయి.

"నాకూ ఒక వరస కనపడకుండానే ఉండుంటది," అంది. "అదేదో నాకు తెలీదు. తెలిస్తే చూసేదాన్నే. నన్ను ఎక్కిస్తే ఆ వరస రాష్ట్రమంతా మాయమైపోద్ది. నా తల ఇవ్వను."

"మరి కొత్తవాళ్ళకి సాయం ఎలా మేడం?"

సువార్త ఖాసింబీ చేతిలోంచి పలక తీసుకుని అతని చేతిలో పెట్టింది. సుద్దముక్క ఇచ్చింది. గంట కొట్టింది, నా పీరియడ్, వెనక బెంచీలో కూర్చోండి, అయ్యేదాకా మాట్లాడొద్దు అంది.

అతను నిజంగానే వచ్చి కూర్చున్నాడు. మోకాళ్ళు బెంచీకి తగులుతున్నాయి. సువార్త కిటికీ దగ్గర నిలబడి నలభై ఐదు నిమిషాలు పాఠం చెప్పింది. ఆ రోజు బాగా చెప్పానని ఆమెకి అనిపించింది. పోలేరి రెండుసార్లు వాదించింది. ఏడుగురూ నోరు విప్పారు. గంట కొట్టాక పిల్లలు లేవబోతుంటే శశిధర్ నడవా మధ్యలోంచి వచ్చి, కాస్త సంకోచంగా పలక అందించాడు.

కిటికీ వరస చుక్కలతో తెల్లబడిపోయింది. నడుమ బెంచీలు నిండుగానే ఉన్నాయి. గుమ్మం పక్కన, కిటికీకి అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండో బెంచీలో రెండు గళ్ళు. రెండూ నల్లగా, ఖాళీగా ఉన్నాయి.

సువార్త ఆ గళ్ళని చూసింది. తలెత్తి గుమ్మం వైపు చూసింది. ఆ బెంచీలో ఇద్దరు పిల్లలు పుస్తకాలు సర్దుకుంటున్నారు. వాళ్ళ పేర్లు వెంటనే గుర్తు రాలేదు.

శశిధర్ పలక తుడుద్దామని జేబు రుమాలు తీశాడు.

"తుడవకండి," అంది సువార్త. "రేపు కూడా రావాలి మీరు."

పలక చంకలో పెట్టుకుని, వాళ్ళు గుమ్మం దాటక ముందే అందుకోవాలని, ఆ బెంచీ వైపు నడిచింది.